నాలుగు వేళ్ళ తేడా ఉన్న కిటికీలు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫొటో. మార్చి చివరి వారంలో ఒక సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉంటే ఫోన్‌కు వచ్చింది. నల్లరాతి గోడ, దాని అడుగున వరసగా అయిదు కిటికీలు, అయిదింటిలోనూ కొత్త ఎర్ర ఇటుకలు. కింద రెండు వాక్యాలు: "మేడం, మీ వ్యాసంలో చూపించిన లోపాన్ని సరిచేస్తున్నాం. ఒక వైపు అయిపోయింది, రెండో వైపు రేపు." పంపింది ప్రభుదాస్ గారు. జనగామ దగ్గర నేను బీఎడ్ చదివిన క్యాంపస్‌లో కట్టడాల పని చూసే కార్యదర్శి ఆయన. ఆ గోడ అక్కడి చాపెల్‌ది, అంటే చిన్న ప్రార్థన మందిరానిది. ఆ లోపం కనిపెట్టింది నేనే. కనిపెట్టాననుకుని ఇరవై ఏళ్ళ పైన అయింది.

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల మేము గుంటూరు వైపు నుంచి కాజీపేటకు వచ్చాం. అలా నా బీఎడ్ ఈ క్యాంపస్‌లో జరిగింది. నిజాం కాలంలో ఒక మిషన్ వాళ్ళు పల్లెటూరి పిల్లల్ని పంతుళ్ళుగా, పంతులమ్మలుగా తయారు చేయడానికి పెట్టిన శిక్షణ బడి అది. తర్వాత కళాశాల అయింది. ఇప్పుడు విశ్వవిద్యాలయ హోదా కోసం ఎదురుచూస్తోంది. హోదా ఇవ్వాలా వద్దా అని చూడడానికి ఒక బృందం రాబోతోంది, ఈ మరమ్మతుల హడావుడంతా అందుకే. నేను చదివేటప్పుడు అక్కడొక ప్రత్యేక సంచిక వేశారు. చాపెల్ చరిత్ర మీద వ్యాసం నన్ను రాయమన్నారు. గ్రంథాలయంలో నెల రోజులు పాత ఉత్తరాలు తిరగేసి రాశాను. అందులో ఒక పేరా ఇలా ఉంటుంది: కిటికీలు నేలకు మరీ దగ్గరగా ఉన్నాయి, పైగా ఉత్తరం వైపు వాటికీ దక్షిణం వైపు వాటికీ ఎత్తు కలవదు, స్థానిక మేస్త్రీలకు కొలత అందక జరిగిన పొరపాటు ఇది. చిత్తుప్రతిలో చివర 'కావచ్చు' అని ఉండేది. అచ్చుకిచ్చే ముందు చిన్నపిల్ల మాటలా ఉందని కొట్టేశాను. ఏ మాట చెప్పినా పక్కన ఒక అనుమానం పెట్టుకుని తిరిగే మనిషిని నేను. ఆ ఒక్కచోట మాత్రం లేకుండా పోయింది.

ఫొటో చూశాక ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. అది పొరపాటేనని ఇప్పుడు ఎవరైనా అడిగితే గట్టిగా చెప్పగలనా అని నన్ను నేను అడుగుతూ పడుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి బయలుదేరాను.

సికింద్రాబాద్ నుంచి జనగామకు పొద్దున పూట రైళ్ళకు కొదవ లేదు. కూర్చునే బోగీలో గంటన్నర ప్రయాణం, టికెట్ వంద రూపాయల లోపే. ఏడున్నరకు దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, రోజంతటికీ ఒక కారు మాట్లాడుకున్నాను. డీజిల్‌తో కలిపి రెండు వేల ఎనిమిది వందలు. డ్రైవర్ పేరు యాకన్న, యాభై ఏళ్ళ మనిషి. బ్యాగు వెనక పెడుతూనే, "చిల్పూర్ గుట్టకేనా మేడం?" అన్నాడు. "బుగులు వెంకన్న దర్శనం చేపిచ్చి పదకొండు గొట్టే వరకు తెచ్చి దింపుత. మనసుల ఏ బుగులున్నా పోతది."

బుగులంటే భయం. నాకు ఆ ఉదయం అది బాగానే ఉంది కానీ, గుట్టకు కాదు, పాలకుర్తి రోడ్డులో పాత ట్రైనింగు గుడికి పోవాలన్నాను. చుట్టుపక్కల వాళ్ళు చాపెల్‌ను అలాగే పిలుస్తారు.

"గాడ ఏమున్నది మేడం, సూడనీకె?"

"కిటికీలు."

అద్దంలోంచి నన్నొకసారి చూసి, "మీరు ఆంధ్రా దిక్కోల్లు గద," అన్నాడు. కిటికీల కోసం హైదరాబాద్ నుంచి వచ్చి కారు మాట్లాడుకోవడానికి ఆ ఒక్క కారణం సరిపోయినట్టుంది. ఇంకేం అడగలేదు.

జనగామ నుంచి క్యాంపస్‌కు అరగంట కూడా పట్టదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి పుస్తకంలో పేరు రాయాలి. చాపెల్ లోపలికి వెళ్ళాలంటే ఆఫీసులో అడగాలి, సాధారణంగా కాదనరు. పిల్లలు చదువుకునే చోటు కాబట్టి క్యాంపస్ పేరు ఇక్కడ రాయడం లేదు. జనగామ ఆటో స్టాండులో ట్రైనింగు గుడి అంటే చాలు, తీసుకెళ్తారు.

కట్టడం గురించి. పెద్ద చర్చిలకుండే గోపురం దీనికి లేదు. దూరం నుంచి చూస్తే పొడుగాటి బడి గదిలా ఉంటుంది. గుమ్మం పైన చిన్న గూడు, అందులో గంట. నల్లరాతి గోడలు, మంగుళూరు పెంకులు, టేకు దూలాలు. లోపలి గోడలకు గానుగలో నూరిన సున్నం పూశారు. బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపిన సున్నమట. చేత్తో రాస్తే ఇప్పటికీ పాలరాయిలా చల్లగా, నున్నగా ఉంటుంది. కమానుల నడినెత్తిన, సిలువ ఉంటుందనుకున్నచోట విచ్చిన పద్మం. నేను చదివినంతలో చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉండడం ఆనవాయితీ. ఇక్కడ తూర్పున గుమ్మం, పడమట బలిపీఠం. ఇళ్ళకు వాకిలి తూర్పున పెట్టే మేస్త్రీ దేవుడి ఇంటికీ అలాగే పెట్టాడు. పొద్దు పొడిచే వేళ వెళ్తే గుమ్మంలోంచి ఎండ నేల మీద పరుచుకుని బలిపీఠం దాకా పోవడం చూడొచ్చు. నేను క్రైస్తవురాలిని కాను, అయినా చదువుకునే రోజుల్లో ఆ ఎండ కోసమే పొద్దుటి ప్రార్థనకు వెళ్ళేదాన్ని.

ఇక కిటికీలు. వైపుకు అయిదు. నేల నుంచి జానెడు ఎత్తులో మొదలవుతాయి. నిలబడిన మనిషి నడుము దగ్గరికి వచ్చేసరికి వాటి కమాను ముగిసిపోతుంది. బయటికి చూడాలంటే వంగాలి. బెంచీ మీద కూర్చుంటే కాళ్ళకు తప్ప గాలి తగలదు. అది లోపంగా కనిపించడంలో వింతేమీ లేదు.

నేను లోపలికి వెళ్ళేసరికి బెంచీలన్నీ బయట వరండాలో పేర్చి ఉన్నాయి. ఫ్యాన్లు దించేశారు, కరెంటు తీసేశారు. ఉత్తరం గోడకు అయిదు కిటికీలూ మూసుకుపోయాయి. దక్షిణం గోడ కింద, మూడో కిటికీ దగ్గర, ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు, తలగుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని సద్ది తింటున్నారు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. నన్ను చూసి ఆమె రొట్టె విరవడం ఆపింది.

"మీరు గూడ ఇంజినీరా అక్కా?"

"కాదు. పాఠాలు చెప్తాను."

"అట్లయితె కూసో. ఇంజినీర్లు కూసోరు."

ఆమె పేరు కమ్లి. మేస్త్రీ ఆమె భర్త. "ఏ ఊరు మీది?" అంటే, "ఘనపూర్ కాడ తండా," అంది. "స్టేషన్ ఘనపూర్ అనుకునేవు, గది గీ జనగామ జిల్లల్నే ఉన్నది. మాది ములుగు ఘనపూర్, భూపాలపల్లి జిల్లా. మొన్న మా మరిది పట్నం నుంచి వచ్చుకుంట నిద్రమత్తుల స్టేషన్ ఘనపూర్ల దిగిండు. తండా ఏదని ఆడ గంట సేపు ఎంకులాడిండు." భర్త తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె నవ్వాపుకుని నాకు తెలుగులో చెప్పింది. "నా తమ్ముణ్ణి బదునాం జేయకు, ఇజ్జత్ తీయకు అంటుండు."

నేను కిటికీ వైపు తిరిగి కింద కూర్చున్నాను. నీళ్ళిచ్చింది. చెంబు నోటి దగ్గర ఉండగానే మొహానికి గాలి తగిలింది. సన్నగా, ఆగకుండా, తడిసిన మట్టి వాసనతో. కిటికీలోంచి నాకు ఎదురుగా మామిడి తోట. వంగకుండా, మెడ ఎత్తకుండా, చూపు నేరుగా తోటలోకి పోయింది. ఏడాది చదివాను, నెల రోజులు ఈ కట్టడం గురించి రాశాను, ఈ నేల మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను వచ్చేనాటికే బెంచీలు ఉండేవి.

"దక్షిణం వైపు ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదు?" అని అడిగాను.

"ముయ్యుమన్నరు గని ఏ దిక్కు ముందని చెప్పలే," అంది కమ్లి. "గీ దిక్కు ఆఖరికి పెట్టుకున్నం. బయట ఎండ దంచుతున్నది, లోపట ఫ్యాన్ లేదు. గిక్కడ కూసోని తింటె ఏసీ లెక్క. పొద్దుగాల్ల సద్ది తిని మొదలువెడ్తం అని సారుకు చెప్పినం." రొట్టె ముక్క కారంలో అద్దుకుంటూ, "మూసినంక ఏడ తినాల్నో," అంది.

ప్రభుదాస్ గారు అప్పుడే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నా వ్యాసం ఉన్న పాత సంచిక. నన్ను చూసి నిజంగానే సంతోషించారు. పని నాణ్యత చూడడానికి వచ్చాననుకున్నారు. కింద ఇటుకతో మూసి, పైన గోడ తొలిచి, నడుము ఎత్తున అల్యూమినియం కిటికీలు పెట్టిస్తున్నామన్నారు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. వానకు జల్లు లోపలికి కొడుతుంది. బెంచీల మీద పిల్లలకు ఉక్కపోత. కిందటేడు ప్రార్థన మధ్యలో కిటికీలోంచి పాము వస్తే ఆడపిల్లలు బెంచీల మీదికెక్కారు.

"సార్, ఈ పూటకు పని ఆపగలరా?" అన్నాను.

"ఎందుకు మేడం?"

"ఇది పొరపాటు కాదేమోనని అనిపిస్తోంది."

ఆయన సంచిక తెరిచి, పేజీ నాకు చూపించారు. "రాసింది మీరే గదా."

"నేనే."

"ఇప్పుడు కాదంటున్నది గూడ మీరే."

"అవును."

"కట్టడాల కమిటీకి నేనేం చెప్పాలె? మేడం వచ్చి కింద కూసున్నది, గాలి వచ్చింది, మనసు మారింది అని చెప్పాల్నా?" మాటలో కోపం లేదు. అలసట ఉంది. "సరే, నాలుగింటి దాకా ఆపుత. గోడ పైన పెచ్చులు గీకే పని ఉన్నది, అది చేస్తరు. ఆ లోపట ఆధారం తేండి. కాయితమైనా సరే, మనిషైనా సరే. తేకపోతే ఈ దిక్కు గూడ మూస్త, మీరు మళ్ళీ ఏమనొద్దు."

కాగితం లేదని నాకు తెలుసు, ఉన్నవన్నీ చదివాను. మనిషి సంగతీ తెలుసు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. వ్యాసం రాసే రోజుల్లోనే మా హాస్టల్ వంటావిడ చెప్పింది, గుడి కట్టిన మేస్త్రీ కూతురు పెద్దవంగరలో ఉంటుంది, సాలమ్మ అని, పోయి అడుగు అని. నేను పోలేదు. రెండు బస్సులు మారాలి, ఎండ. పైగా, కాగితం మీద లేని మాటను చరిత్ర అని ఎలా రాయను అనుకున్నాను. ఇన్నేళ్ళకు ఆమె బతికి ఉందో లేదో కూడా తెలియదు.

కారులో కూర్చుని పెద్దవంగర అన్నాను. యాకన్న, "అది మానుకోట జిల్లా, గంటన్నర," అన్నాడు. మహబూబాబాద్‌ను ఇక్కడి వాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. పాలకుర్తి దాటి తొర్రూరు వైపు దారి. రెండు పక్కలా యాసంగి వరి పచ్చగా ఉంది. ఖాళీ ఉన్న ప్రతిచోటా మిరపకాయలు ఆరబోశారు, అద్దాలు మూసినా ఘాటు లోపలికి వస్తుంది. దారిలో యాకన్నకు విషయమంతా చెప్పాను. వింటూనే ఎదురొచ్చిన ఒక ట్రాక్టరును దాటించాడు. తర్వాత, "మా తాత గూడ మేస్తిరే మేడం," అన్నాడు. "కొలత రాకపోతె గోడ నిలవడదు. గుడి నిలవడ్డది గద."

ఆ మాట నాలో ఎక్కడో దిగబడింది. స్థానిక మేస్త్రీలకు కొలత అందలేదని నేను రాసినప్పుడు ఏ కాగితం చూసి రాశాను? ఏదీ లేదు. ఈ వైపు వాళ్ళ మాటను సినిమాల్లో వెక్కిరిస్తుంటే మా ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. అలా నవ్వడం అలవాటైన బుర్రకు, ఇక్కడి వాళ్ళకు కొలత తెలియదనుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఆ పేరాలో కొంత ఆ నవ్వే ఉందనుకుంటాను.

పెద్దవంగరలో చర్చి పక్క సందు అడిగితే చూపించారు. సాలమ్మ ఉంది. రేకుల ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులు వణకడం లేదు. కోడలు ఎస్తేరు కుర్చీ తెచ్చి వేసింది కానీ ఆ రోజుకు నాకు కుర్చీలు చాలనిపించి కింద కూర్చున్నాను.

"అవ్వా, ట్రైనింగు గుడి నుంచి వచ్చాను."

"ట్రైనింగు గుడా?" అంది. "నా వయసూ గుడి వయసూ ఒక్కటే. నాకు ఎనభై దాటినయి. ఎన్ని దాటినయో గుడినే అడగాలె."

కిటికీల ఎత్తులో తేడా సంగతి బయటపెట్టకుండా ఒకే ప్రశ్న అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. నా మాట ఆమె నోట్లో పెట్టకూడదు. "మీ నాన్నగారు కిటికీలు అంత కిందికి ఎందుకు పెట్టారు?" అని మాత్రం అన్నాను.

ఆమె గింజలు తీస్తూనే చెప్పింది. "దొర కాయితం మీద గీసిచ్చిండట, నిలవడి సూసే ఎత్తుల. మా నాయిన అన్నడట, దొరా, మీ దేశంల ఎట్ల కూసుంటరో నాకు తెల్వది, మావోల్లు కింద కూసుంటరు, గంత మీదికి పెడ్తె ఆల్లకు గోడ తప్ప ఏం కనవడదు, గాలి నెత్తి మీదికెంచి పోతది. దొర నవ్విండట. మరి ఎంత ఎత్తు పెడ్తవు, కొలత ఏడున్నదీ అన్నడట. నాయిన పోయి అమ్మను తోల్కచ్చిండు. గోడ ఇంకా సగమే లేసింది. గీ దిక్కు తను కూసున్నడు, మోకాలు కాడ బొగ్గుతోని గీత గీసిండు. గా దిక్కు అమ్మను కూసోవెట్టిండు. మా అన్న సంటోడు, అమ్మ ఒళ్ళె పండుకున్నడు. ఆని మొకం కాడ గీత గీసిండు. అందుకే ఆడోల్ల దిక్కు నాలుగు వేళ్ళు తక్వుంటయి. సూసినవా లేదా?"

ఉత్తరానికీ దక్షిణానికీ ఎత్తు కలవకపోవడమే నా వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద రుజువు. ఆ నాలుగు వేళ్ళు కొలిచి మరీ రాశాను.

"సంటిపోరగానికి గాలి తగలాలె గద," అంది సాలమ్మ. "అప్పుడు నేను అమ్మ కడుపుల ఉన్న. లోపలున్నదానికి గూడ తగులుతది తియ్యి అన్నడట నాయిన. అమ్మ చెప్పి నవ్వేది."

"తర్వాత బెంచీలు వచ్చాయి కదా అవ్వా."

"వచ్చినయి. బల్లలు వచ్చినంక గుడిల గాలి పోయింది అన్నరు. గాలి ఏడికి పోతది? మనుషులే మీదికి పోయిండ్రు."

ఇక చెప్పక తప్పలేదు. ఉత్తరాన మగవాళ్ళ వైపు కిటికీలు మూసేశారని, దక్షిణాన ఆడవాళ్ళ వైపు ఈ సాయంత్రం మూస్తారని, దానికి కారణం నేను రాసిన పేరా అని చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"మా నాయినకు కొలత రాదని రాసినవా?"

"రాశాను."

"సదువుకున్నదానివి. వచ్చి ఒక్క మాట అడగకపోయినవా బిడ్డా?"

దానికి నా దగ్గర ఉన్న జవాబు రెండు బస్సులూ ఎండా. చెప్పలేదు. ఆమె చింతపండు చేట పక్కకు జరిపి, గోడ పట్టుకుని లేచింది. "కారున్నది గద. నన్ను తోల్కపో."

ఎస్తేరు వద్దంది. ఎండలో పోతే బీపీ లేస్తుందంది. సాలమ్మ, "లేస్తె లేవనియ్యి, ఎన్నడన్న కూసున్నదా అది," అని లోపలికెళ్ళి తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఎస్తేరు అందరికీ అన్నం పెట్టందే కదలనివ్వలేదు. రెండు దాటాక మందుల డబ్బా నా చేతిలో పెట్టి, మూడింటికి తెల్లగోలి వేయించమని మూడుసార్లు చెప్పింది. యాకన్న ముందు సీటు వెనక్కి వంచి తువ్వాల పరిచాడు. దారంతా ఇద్దరూ మేస్త్రీల గురించే మాట్లాడుకున్నారు. నన్నెవరూ పలకరించలేదు, అదే నయమనిపించింది.

మూడు ముప్పావుకు చేరాం. సాలమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఉత్తరం గోడ ముందు ఆగింది. కొత్త ఇటుకల మీద చెయ్యి పెట్టింది. "గిది నాయిన దిక్కు," అంది. అంతే. తర్వాత దక్షిణం వైపు మూడో కిటికీ దగ్గరకు నడిచి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. గాలికి చీర కొంగు కదిలింది. కమ్లి గోడ గీకడం ఆపి దిగి వచ్చింది.

ప్రభుదాస్ గారు ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను సాలమ్మ చెప్పిందంతా చెప్పాను. నాలుగు వేళ్ళ సంగతి నేను ఎత్తకుండానే ఆమె చెప్పిందని కూడా చెప్పాను. ఆయన ఏదో అనబోతుంటే సాలమ్మ, "జర కూసో బిడ్డా. నిన్ను సూసి సూసి నా మెడ నొస్తున్నది," అంది.

ఆయన ప్యాంటు మడత చూసుకుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, కూర్చున్నారు. ఆయన తోట వైపు చూస్తూ ఉన్నారు. "పదకొండేళ్ళ నుంచి ఉన్న ఈడ," అన్నారు చివరికి. "లోపటికెంచి తోట కనవడ్తదని తెల్వది." మరి కాసేపటికి, "పాము సంగతేంది అవ్వా?" అన్నారు.

"నాయిన టేకు జాలీలు పెట్టిండు. ఒక్క తొండ గూడ దూరకపోయేది. జాలీలు ఊడగొట్టుకొని పాములొస్తున్నయంటె ఎట్ల?"

కిటికీ అంచు తడిమి చూశాను. రాతిలో వరసగా, ఆ చెక్క అల్లికను బిగించిన మేకుల గుంటలున్నాయి. ఇరవై ఏళ్ళ కిందట వాటిని కూడా చూసి, ఎందుకో అర్థం కాక వదిలేశాను.

నాలుగు వేళ్ళ మాట ఆయన నమ్మినట్టే ఉన్నారు కానీ చూపించమన్నారు. చూపించింది కమ్లి. మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ పైపు తెచ్చింది. సన్నటి పారదర్శకమైన గొట్టం, దాని రెండు కొసల్లో నీళ్ళు ఎప్పుడూ ఒకే ఎత్తున నిలుస్తాయి. భర్త ఒక కొసను ఉత్తరం గోడ దగ్గర, ఇటుకల కింద ఇంకా కనిపిస్తున్న పాత అంచుకు పట్టుకున్నాడు. కమ్లి రెండో కొసను దక్షిణం కిటికీ దగ్గర పట్టుకుని, నీళ్ళు నిలిచేదాకా ఆగి, గోడ మీద బొగ్గుతో గీత గీసింది. ఆ గీతకూ కిటికీ అంచుకూ మధ్య తన చెయ్యి అడ్డంగా పెట్టింది. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టాయి. మిగతా నాలుగు కిటికీల దగ్గరా అలాగే చూసింది. అన్నిటికీ నాలుగే. పొరపాటైతే అయిదుచోట్లా ఒకేలా పడదు.

"అవ్వా, మీ అమ్మ చేతివేళ్ళు గూడ నా లెక్కనే ఉండెనేమో," అంది కమ్లి. సాలమ్మ ఆమె చెయ్యి అందుకుని చూసి, "నీయి జర లావు," అంది.

ప్రభుదాస్ గారు లేవలేదు. "ఈ దిక్కు ఆపుతున్న," అన్నారు. "మూసినవి తెరవాలంటె కమిటీల పెట్టాలె. నా మాట చాలదు. మీ మాట పుస్తకంల అచ్చయి ఉన్నది. అది తప్పని రాసి సంతకం పెట్టియ్యాలె మేడం."

సంచిక కింద పెట్టుకుని, నేల మీద కూర్చునే రాశాను. కిటికీలు కూర్చున్న మనుషుల కొలతకు కట్టినవని, ఆ కొలత ఎలా తీశారో సాలమ్మ ఎలా చెప్పిందో, కమ్లి ఎలా సరిచూసిందో రాసి, చివర నా వ్యాసంలో ఆ పేరా తప్పు అని రాశాను. 'తప్పు' దగ్గర చెయ్యి ఆగింది. పక్కన 'కావచ్చు' చేర్చాలని లాగింది. ఈసారి చేర్చలేదు. సాలమ్మ నా పక్కనే ఉండి, అక్షరాలు రాకపోయినా, కాగితం వైపు చివరిదాకా చూస్తూ కూర్చుంది.

ఆరింటి తర్వాత రైలుకు జనగామ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి సాలమ్మను పెద్దవంగర చేర్చే బాధ్యత యాకన్నది. దానికి వేరే ఎంతివ్వాలని అడగబోతే, "మేస్తిరి బిడ్డ, మా ఇంటి మనిషి," అని చెయ్యి అడ్డం పెట్టాడు. కారు కదిలే ముందు సాలమ్మ అద్దం దించమంది. "అమ్మ దిక్కు నిలవడ్డది," అంది. "నాయిన దిక్కు గూడ తెరిపియ్యి బిడ్డా. అమ్మ ఒక్కతే ఆడ ఏం చేస్తది?"

ఈ మాటలు రాసే నాటికి దక్షిణం కిటికీలు తెరిచే ఉన్నాయి. వాటికి జాలీలు చేయిస్తున్నారని తెలిసింది. ఉత్తరం గోడ సంగతి కమిటీ ఇంకా తేల్చలేదు. వారానికోసారి ఫోన్ చేస్తున్నాను. ఒక్కోసారి అనిపిస్తుంది, నేను రాయకపోయి ఉంటే ఈ గోడ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు, సాలమ్మ దగ్గరకు నేనూ వెళ్ళేదాన్ని కాదు, ఆ కొలత ఆమెతోనే పోయేది అని. అలా అనుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది. ఆ ఊరట మీదా నాకు నమ్మకం లేదు, మూసిన కిటికీలు అయిదు అలాగే ఉన్నాయి గనక. ఇన్నేళ్ళు అనుమానం అంటే ఆగిపోవడం అనుకున్నాను. వెళ్ళి అడగడానికి కూడా అది పనికొస్తుందని ఆ రోజు తెలిసింది.

వెళ్ళేవాళ్ళకు ఒకే మాట. ఆదివారం కాకుండా మామూలు రోజున, ఎనిమిదింటికల్లా చేరండి, వెంట ఒక చాప తీసుకెళ్ళండి. లోపలికి వెళ్ళగానే ఫోన్ తీయకుండా, దక్షిణం వైపు మూడో కిటికీ పక్కన చాప పరిచి పది నిమిషాలు కూర్చోండి. గాలి తగిలాక లేచి ఎదుటి గోడ దగ్గరకు వెళ్ళి చూడండి. ఆ అయిదూ తెరుచుకుని ఉంటే నాకు రాయండి.